పాఠకుల ప్రశ్నలు – జవాబులు: ఊరి పన్ను, ఊరి బడి

2025 డిసెంబరులో ఎన్నికలు ముగిసి, దాదాపు రెండేళ్ల ప్రత్యేకాధికారుల పాలన తర్వాత తెలంగాణ పంచాయతీల్లో మళ్లీ ఎన్నికైన పాలకవర్గాలు కొలువుదీరాయి. అప్పటి నుంచి ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాల్లో ఒక విషయం పదే పదే కనిపిస్తున్నది. ఇంటి పన్ను పెంచాలా, పెంచితే ఆ సొమ్మును సర్కారు బడికి ఖర్చు పెట్టవచ్చా అన్నదే ఆ విషయం. ఉమ్మడి వరంగల్, కరీంనగర్ జిల్లాల నుంచి వచ్చిన ఐదు ఉత్తరాలకు ఈసారి జవాబులు ఇస్తున్నాం. రాసినవారి కోరిక మేరకు పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: మాది పరకాల దగ్గరి పల్లె. మొన్నటి గ్రామ సభలో ఇంటి పన్ను సవరించి, వచ్చే అదనపు సొమ్ముతో ప్రాథమిక పాఠశాలకు ప్రహరీ గోడ కట్టించాలని, మరుగుదొడ్లకు నీళ్ల పైపు వేయించాలని కొందరు ప్రతిపాదించారు. "మా పిల్లలు బస్సెక్కి ప్రైవేటు బడికి పోతున్నరు, అక్కడ ఫీజు కడుతున్నం, మళ్లీ ఇక్కడెందుకు కట్టాలె?" అని మరికొందరు లేచారు. సభ గొడవతో ముగిసింది. నేనూ ఇద్దరు పిల్లలను ప్రైవేటుకు పంపుతున్న తండ్రినే. న్యాయం ఎవరి వైపు ఉందో చెప్పగలరు.
— ఒక పాఠకుడు, పరకాల

జవాబు: ఏ ఖర్చు ఎవరు మోస్తున్నారో ముందుగా విడమరచి చూసుకుంటే గొడవలో సగం సద్దుమణుగుతుంది. బడి గోడ మీద మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల అనో, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల అనో రాసి ఉన్నా, ఉపాధ్యాయుల జీతాలు ఆ పరిషత్తుల సొంత పన్నుల నుంచి రావు, రాష్ట్ర ఖజానా నుంచే వస్తాయి. 1959లో పంచాయతీరాజ్ వ్యవస్థ ఏర్పడినప్పుడు బడులను సమితులకు, జిల్లా పరిషత్తులకు అప్పగించారు. సమితుల స్థానంలో మండలాలు వచ్చినా ఆ ఏర్పాటు గుర్తు బడి పేరులో నిలిచిపోయింది, డబ్బు మాత్రం హైదరాబాదు నుంచి నడుస్తున్నది. పాఠ్యపుస్తకాలు, ఏకరూప దుస్తులు, మధ్యాహ్న భోజనం కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల పద్దుల్లో ఉన్నాయి. 2025-26 రాష్ట్ర బడ్జెట్ 3,04,965 కోట్ల రూపాయలు కాగా అందులో విద్యకు కేటాయించింది 23,108 కోట్లు, అంటే నూటికి ఏడున్నర. ఆ వాటా చాలదని మేము ఈ శీర్షికలో మొదటి నుంచీ చెబుతూనే ఉన్నాం. అయినా బడి మీద పెద్ద ఖర్చు ప్రభుత్వానిదే, అది ఊరి ఇంటి పన్ను మీదికి దిగకూడదు.

పంచాయతీ వంతుకు వచ్చేది చిన్న ఖర్చు. అయితే పిల్లలకు రోజూ అక్కర పడేది అదే. 2022లో మొదలైన 'మన ఊరు – మన బడి' కార్యక్రమం కింద మూడు విడతల్లో 26,065 పాఠశాలలను సుమారు 7,289 కోట్ల రూపాయలతో బాగుచేయాలని తలపెట్టి, తొలి విడతకు 9,123 బడులను ఎంపిక చేశారు. చాలా చోట్ల గోడలకు రంగులు, తరగతి గదులకు ఆకుపచ్చ బోర్డులు వచ్చాయి, మరికొన్ని చోట్ల బిల్లులు రాక పనులు సగంలో ఆగిపోయాయి. మరుగుదొడ్డి గది కట్టి, పలకలు పరిచి, పై ట్యాంకు నుంచి పైపు మాత్రం దించకపోతే ఏమవుతుందో మన ఊళ్లలో కళ్లారా చూస్తున్నాం. వారం తిరగకముందే తలుపుకు తాళం పడుతుంది. పెద్ద తరగతుల ఆడపిల్లలు మధ్యాహ్నం ఇంటికి పోయి ఆ పూట తిరిగి రారు, దూరం నుంచి వచ్చేవాళ్లు పొద్దంతా నీళ్లు తాగకుండా కూర్చుంటారు. లక్షల రూపాయల కట్టడం కొన్ని వేల రూపాయల పైపు లేక వృథాగా పడి ఉంటుంది. ఆ పైపు కోసం ప్రభుత్వ ఉత్తర్వు వచ్చేదాకా ఊరు ఎదురుచూడవలసిన అవసరం లేదు.

చట్టం ఇందుకు అడ్డు చెప్పదు. 73వ రాజ్యాంగ సవరణతో చేరిన పదకొండో షెడ్యూలులోని 29 అంశాలలో ప్రాథమిక, మాధ్యమిక విద్య ఒకటి. 2009 విద్యాహక్కు చట్టం బడి వసతుల బాధ్యతను ఎవరెవరి మీద పెట్టిందో ఆ 'స్థానిక సంస్థ'లలో పంచాయతీ కూడా ఉంది. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం ఇచ్చిన నిధుల్లో 60 శాతాన్ని తాగునీటికి, పారిశుధ్యానికి కట్టేసి, మిగిలిన 40 శాతాన్ని జీతాలకు, కార్యాలయ ఖర్చులకు తప్ప ఆ 29 అంశాలలో ఊరికి ఏది అవసరమైతే దానికి వాడుకోనిచ్చింది. కాబట్టి పైపు కోసం పన్ను పెంచవలసిన పని కూడా ఉండకపోవచ్చు. ఇప్పుడు పంచాయతీ ఖాతాలో ఏ పద్దు కింద ఎంత నిల్వ ఉందో, దానికి ఏ సంవత్సరపు నిబంధనలు వర్తిస్తాయో కార్యదర్శి గారిని సభలోనే చదివి వినిపించమని అడగండి. ప్రహరీ గోడ సంగతి వేరు. అది పెద్ద పని, గతంలో ఉపాధి హామీ నిధులతో కట్టిన ఊళ్లు ఉన్నాయి, ప్రభుత్వ పథకాల్లో చోటున్న పని. దానికోసం ఇంటి పన్ను పెంచడాన్ని మేము సమర్థించం.

ఇక మీ తోటివారు అడిగిన మాట. ప్రైవేటు బడికి మీరు కట్టే ఫీజు మీ పిల్లల చదువుకు మీరిచ్చే వెల. ఇంటి పన్ను అలాంటిది కాదు. పిల్లలు లేని వృద్ధ దంపతులూ కడతారు, కొడుకులు పట్నంలో స్థిరపడి తాళం వేసి ఉన్న ఇంటికీ పడుతుంది. సర్కారు బడిలో ఇవాళ కూర్చున్నది ఎక్కువగా కూలి చేసుకునేవారి పిల్లలు. ఆ తల్లిదండ్రులూ ఊరికి ఇంటి పన్ను కడుతున్నారు, ఆ సొమ్ముతో వేసిన సీసీ రోడ్డు మీదుగానే మీ పిల్లల బస్సు ఇంటి ముందుకు వస్తున్నది. పత్తి ధర పడిపోయిన ఏడాది, ఇంట్లో జబ్బు చేసిన ఏడాది ప్రైవేటు నుంచి పిల్లలు ఎక్కడికి తిరిగి వస్తారో కూడా ఊరందరికీ తెలుసు. కరోనా తర్వాత 2021లో రాష్ట్రమంతటా పెద్ద సంఖ్యలో పిల్లలు సర్కారు బడుల్లో చేరారు. అందువల్ల "మేమెందుకు కట్టాలె" అన్నవాళ్ల వాదనను మేము ఒప్పుకోలేం. అయితే లెక్క చూపకుండా పెంచితే ఒప్పుకోమని వాళ్లు అని ఉంటే, అది పూర్తిగా వాళ్ల హక్కు.

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో ఒక పల్లెటూరి కౌంటీలో (మన జిల్లా లాంటిది) ఉంటున్నది. అక్కడ ఇంటి మీద పన్నుతోనే బడులు నడుస్తాయని, ఏటా పన్ను రేటు మీద, బడి బడ్జెట్ మీద జనం గంటల తరబడి వాదించుకుంటారని చెబుతున్నది. బడులు కూడా బాగున్నాయట. మనం కూడా బడిని ఊరి పన్నుకే అప్పగిస్తే జనానికి పట్టింపు పెరుగుతుంది కదా?
— ఒక విశ్రాంత ఉద్యోగి, హనుమకొండ

జవాబు: మీ అమ్మాయి గారు చెప్పింది చాలావరకు నిజం. అమెరికాలో బడుల ఖర్చులో సగానికి కాస్త తక్కువ స్థానికంగా, అందులోనూ ముఖ్యంగా ఇళ్లు, భూముల మీద పన్ను నుంచి వస్తుంది, రాష్ట్రాలు ఇంచుమించు అంతే భరిస్తాయి, కేంద్ర ప్రభుత్వ వాటా తక్కువ. వర్జీనియాలో పాఠశాల బోర్డు బడ్జెట్ తయారు చేస్తుంది గానీ పన్ను వేసే అధికారం దానికి లేదు. ప్రజలు ఎన్నుకున్న కౌంటీ పాలకమండలి ఇంటి విలువలో ప్రతి వంద డాలర్లకు ఇన్ని సెంట్లు అని రేటు నిర్ణయిస్తుంది. బడ్జెట్‌ను ఆమోదించే ముందు బహిరంగ సభ పెట్టి జనం మాట వినడం అక్కడ చట్టం విధించిన నియమం. పదవీ విరమణ చేసి పింఛను మీద బతికే రైతు పన్ను పెంచవద్దంటాడు, చిన్న పిల్లల తల్లి టీచర్లు వేరే కౌంటీకి పోతున్నారంటుంది. ఇద్దరి ముందూ ఒకే అంకెల కాగితం ఉంటుంది.

కాని ఆ పద్ధతిలో ఒక పెద్ద లోపం ఉంది, దానితో అక్కడివారే అర శతాబ్దానికి పైగా తలపడుతున్నారు. ఇళ్ల విలువ ఎక్కువున్న చోట తక్కువ రేటుకే బోలెడు డబ్బు వస్తుంది, పేద ప్రాంతం ఎక్కువ రేటు వేసుకున్నా బడికి చాలదు. టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియో నగరంలో ఒక పేద పాఠశాల జిల్లాకు (బడుల నిర్వహణ కోసం విడిగా ఏర్పరచిన ప్రాంతం) చెందిన తల్లిదండ్రులు ఇది అన్యాయమని న్యాయస్థానానికి వెళితే, 1973లో అమెరికా సుప్రీంకోర్టు 5-4 తేడాతో ఆ వ్యత్యాసం దేశ రాజ్యాంగానికి విరుద్ధం కాదని తీర్పు చెప్పింది. ఆ తర్వాత చాలా రాష్ట్రాలు తమ రాజ్యాంగాల ప్రకారం సర్దుబాట్లు చేసుకోవలసి వచ్చింది. వర్జీనియాలో కూడా ప్రతి కౌంటీ చెల్లించగల శక్తిని లెక్కగట్టి రాష్ట్రం తన సాయాన్ని పేద కౌంటీలకు ఎక్కువగా ఇస్తుంది. నిర్దేశిత కనీస ప్రమాణాల ఖర్చులో ఎంత ధనిక కౌంటీ వంతైనా 80 శాతానికి మించదు.

ఇప్పుడు ఆ పద్ధతిని మన నేల మీద పెట్టి చూడండి. వరంగల్ నగరాన్ని ఆనుకొని రైస్ మిల్లులు, జిన్నింగ్ మిల్లులు, ఫంక్షన్ హాళ్లు, కొత్త వెంచర్లు ఉన్న పంచాయతీ ఒకవైపు, ములుగు అడవిలో తాడ్వాయి, ఏటూరునాగారం వైపు పెంకుటిళ్లు, రేకుల ఇళ్లు ఉన్న గూడెం మరొకవైపు. బడిని ఇంటి పన్నుకు అప్పగించిన మరుసటి ఏడే ఆ గూడెంలో ఒక్క ఉపాధ్యాయుడి ఒక నెల జీతానికి కూడా ఊరి పన్ను చాలదు. 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం తర్వాత వేలాది కొత్త పంచాయతీలు ఏర్పడి రాష్ట్రంలో వాటి సంఖ్య 12,751కి చేరింది. ఆ కొత్తవాటిలో తండాలు, గూడేలు ఎన్నో ఉన్నాయి. అక్కడి పిల్లల చదువు వాళ్ల ఇళ్ల గోడల విలువను బట్టి ఉండాలనడం మాకు సమ్మతం కాదు. జీతాలు, భవనాలు రాష్ట్రం చేతిలోనే ఉండాలి, వాటి కోసం రాష్ట్రాన్ని నిలదీయాలి. అమెరికా కౌంటీ నుంచి మనం తెచ్చుకోదగినది ఆ బహిరంగ సభ, సభకు ముందే ఇంటింటికీ తెలిసే అంకెలు.

ప్రశ్న: మా తండా బడిలో 18 మంది పిల్లలున్నారు. ఇంత తక్కువ మందికి పంచాయతీ డబ్బు పెట్టడం దండుగ అని, పక్క ఊరి బడిలో కలిపేస్తే పోతుందని మా వార్డు సభ్యుడే అంటున్నాడు. ఏమనాలి?
— ఒక తల్లి, మహబూబాబాద్ జిల్లా

జవాబు: ఆరేళ్ల పిల్ల వాగు దాటి, లారీలు తిరిగే రోడ్డు పక్కన నడిచి పోవాలా అని ఆయననే అడగండి. విద్యాహక్కు నిబంధనల ప్రకారం ప్రాథమిక పాఠశాల నివాసానికి ఒక కిలోమీటరు లోపల ఉండాలి. 60 మంది వరకు పిల్లలున్న ప్రాథమిక బడికి ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలని ఆ చట్టపు షెడ్యూలే చెబుతుంది. చాలా తండాల్లో పిల్లలు తగ్గడానికి కారణం ఒక్కరే టీచరు ఉండటం, ఆయన సెలవు పెట్టిన రోజు బడికి తాళం పడటం. పిల్లలు తగ్గారని ఖర్చు ఆపితే, ఖర్చు ఆగిందని ఇంకొందరు పిల్లలు వెళ్లిపోతారు.

మీ బడికి వచ్చే డబ్బు ఏమిటో కూడా తెలుసుకోండి. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు కలిసి బడుల కోసం నడిపే సమగ్ర శిక్ష పథకం కింద 30 మంది లోపు పిల్లలున్న బడికి ఏడాదికి 10,000 రూపాయల గ్రాంటు నిర్ణయించారు. సుద్దముక్కల నుంచి చిన్న మరమ్మతుల దాకా అన్నీ అందులోనే చూసుకోవాలి. పారిశుధ్యానికి రాష్ట్రం 2024లో విడిగా ఏర్పాటు చేసిన సాయం 30 మంది లోపు బడికి నెలకు 3,000 రూపాయలు. కరెంటు బిల్లు భారం కూడా 2024 సెప్టెంబరులో ప్రభుత్వం ఉచిత విద్యుత్తు ప్రకటించడంతో తొలగింది. ఇవన్నీ కలిపినా చాలీచాలని సొమ్మే. అందులో పంచాయతీ ఒక నల్లా కనెక్షను, ఒక వీధి దీపం, వానకాలంలో బడి ముందు ఒక ట్రిప్పు మొరం కలిపితే అది దండుగ ఖర్చు కాబోదు.

ప్రశ్న: నేను నర్సంపేట వైపు ఒక ఊరికి కొత్తగా ఎన్నికైన సర్పంచ్‌ను. బడికి, డ్రైనేజీకి, అన్నింటికీ డబ్బు కావాలి. పన్ను పెంచుతామంటే పాలకవర్గంలోనే వద్దంటున్నారు. ఉన్న పన్నే చాలామంది కట్టడం లేదు. పన్ను కట్టనివారికి ధ్రువపత్రాలు ఆపమని కొందరు సలహా ఇస్తున్నారు. ఏది మంచి దారి?
— ఒక సర్పంచ్

జవాబు: ధ్రువపత్రాలు ఆపే పని చేయకండి. ఒక పిల్ల బడిలో చేరడానికి పుట్టిన తేదీ పత్రం అడిగితే తండ్రి ఇంటి పన్ను బకాయిని దానికి ముడిపెట్టడం బడి కోసం పన్ను అడిగే పంచాయతీకి తగని పని. బకాయి వసూలుకు చట్టంలో నోటీసు ఉంది, గడువు ఉంది, ఆ దారి ఉండగా పిల్లల కాగితాలను తాకట్టు పెట్టుకోవడం ఎందుకు?

రేటు పెంచే ముందు ఏ ఇంటికి ఎంత పన్ను రావాలో రాసి ఉండే డిమాండ్ రిజిస్టరు తెరిపించి, కార్యదర్శి గారితో కలిసి వార్డు వార్డుకూ నడిచి రండి. పాత పెంకుటిల్లుగా రాసి ఉన్నచోట ఇవాళ రెండంతస్తుల స్లాబు కనిపిస్తుంది. రోడ్డు మీద షట్టర్లు, ఊరి చివర ఫంక్షన్ హాలు, ధాన్యం గోదాము రిజిస్టరుకే ఎక్కి ఉండవు. ఊరిలో మాట చెల్లే పెద్దమనుషుల ఇళ్లే కొన్నిసార్లు బకాయిల జాబితాలో పైన ఉంటాయి. నామినేషన్ల సమయంలో బకాయిలు కట్టి రశీదు తీసుకున్నవారు ఇప్పుడు ఈ ఏడాది పన్ను కట్టారో లేదో, మీ ఇంటితో, ఉప సర్పంచ్ గారి ఇంటితో మొదలుపెట్టి పంచాయతీ గోడ మీద జాబితా అంటించండి. లెక్కలోకి రాని ఇళ్లను లెక్కలోకి తెచ్చి, ఉన్న రేటుకే పూర్తిగా వసూలు చేస్తే ఎంత వస్తుందో చూసిన తర్వాతే పెంపు గురించి మాట్లాడటం న్యాయం. లేకపోతే నిజాయితీగా కట్టేవాడి మీదే రెండోసారి భారం పడుతుంది.

దీనికి ఉదాహరణ మీకు దగ్గరలోనే ఉంది. గీసుగొండ మండలంలోని గంగదేవిపల్లి 1994లో ప్రత్యేక పంచాయతీగా ఏర్పడింది. పనికొక కమిటీ వేసుకొని, ఇంటి పన్నును నూటికి నూరు శాతం వసూలు చేసే ఊరిగా దేశమంతటా పేరు తెచ్చుకుంది. అక్కడికి చూడటానికి పోయినవాళ్లు శుద్ధి చేసిన నీటి ప్లాంటును, శుభ్రమైన వీధులను చూసి వస్తారు. మీరు వెళితే మాత్రం లెక్కలు ఎలా రాస్తారో, కమిటీలో ఎవరెవరు కూర్చుంటారో, కట్టనివారి ఇంటికి ఎవరు వెళ్లి ఏమని అడుగుతారో తెలుసుకొని రండి.

ఇంకొక సంగతి. ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కూడా మీరు వసూలు చేస్తున్నారు. అది జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరవలసిన సొమ్ము. దానిని సకాలంలో జమ చేసి, మా ఊరి పిల్లలకు పుస్తకాలు ఏవని తీర్మానం రాసి ఆ సంస్థను అడగండి. చదువు పేరు మీద ఊరు కట్టే ఈ పన్ను గురించి గ్రామ సభల్లో ఎవరూ మాట్లాడకపోవడం మాకు ఎప్పుడూ బాధ కలిగిస్తుంది.

పెంపు తప్పదని లెక్క తేలితే ఆ తీర్మానంలో పని పేరు, అంచనా, ఎన్నేళ్ల పాటు అన్నది స్పష్టంగా రాయండి. బడి నీళ్ల కోసం పెంచిన సొమ్మును విడి పద్దులో చూపండి. రెండు నెలలకొకసారి గ్రామ సభ పెట్టాలని 2018 చట్టం చెబుతున్నది కాబట్టి, ప్రతి సభలో ఆ పద్దును మొదట చదివించండి.

ప్రశ్న: నేను మహిళా సంఘం తరఫున అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలో ఉన్నాను. మా బడికి ఎంత వచ్చింది, పంచాయతీ ఎంత పెట్టింది అని అడిగితే పంచాయతీలో హెడ్మాస్టరును అడగమంటారు, ఆయన మండలాఫీసును అడగమంటారు. ఎక్కడ తెలుస్తుంది?
— ఒక సభ్యురాలు, జమ్మికుంట

జవాబు: అక్కా, రెండు లెక్కలు రెండు చోట్ల ఉంటాయి, రెండూ అడిగే హక్కు మీకుంది. 2024లో ఏర్పడిన మీ కమిటీకి ఊరి మహిళా సంఘాల గ్రామ సమాఖ్య అధ్యక్షురాలు చైర్‌పర్సన్ అయితే, కన్వీనర్ ప్రధానోపాధ్యాయుడే. కనుక కమిటీ ఖాతా పాసుబుక్కును, ఖర్చు రశీదులను సమావేశంలో బల్ల మీద పెట్టమని ఆయనను అడగడానికి మీరు మొహమాటపడవలసిన పని లేదు. పంచాయతీ వైపు లెక్క కోసం కేంద్ర ప్రభుత్వపు ఈ-గ్రామస్వరాజ్ వెబ్‌సైటులో మీ జిల్లా, మండలం, ఊరు ఎంచుకుంటే ఆర్థిక సంఘం నిధులతో ఏ పనికి ఎంత చెల్లించారో కనిపిస్తుంది. ఇంట్లో చదువుకుంటున్న పిల్లలు ఫోనులో ఐదు నిమిషాల్లో తీసి ఇస్తారు.

అప్పటికీ సమాధానం రాకపోతే సమాచార హక్కు చట్టం కింద తెల్లకాగితం మీద దరఖాస్తు రాసి పంచాయతీ కార్యదర్శి గారికి ఇచ్చి, తీసుకున్నట్టు సంతకం చేయించుకోండి. గ్రామ స్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. దరఖాస్తులో "బడి వివరాలు ఇవ్వండి" అని మాత్రమే రాస్తే ఏదో ఒక కాగితం ఇచ్చి పంపుతారు. గత రెండు ఆర్థిక సంవత్సరాల్లో పాఠశాల కోసం పంచాయతీ చేసిన ప్రతి చెల్లింపు తేదీ, మొత్తం, ఎవరికి చెల్లించారు, ఏ తీర్మానం ప్రకారం అన్నవి విడివిడిగా అడగండి. ఎంబీ రికార్డు (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) నకలు కూడా కోరండి, ఎందుకంటే పైపు ఎన్ని మీటర్లు వేసినట్టు రాశారో అందులోనే ఉంటుంది, బడిలో ఎన్ని మీటర్లు ఉందో మీరే టేపు పట్టి కొలుచుకోవచ్చు.